సెలూను అద్దం ముందు మా సంఘం

మా చిన్నమ్మాయి కరుణ నరసరావుపేటలో పాత ఫ్లాటు ఒకటి కొనుక్కుంది. అంతకుముందు అందులో ఉన్నవాళ్ళు ముందుగదిలో పిల్లలకు డాన్సు నేర్పేవాళ్ళట. దానికోసం గోడ నిండా ఒక అద్దం జిగురుతో అంటించి, దాన్ని అలాగే వదిలేసి వెళ్ళిపోయారు. మేకు లేదు, ఫ్రేము లేదు, గోడా అద్దమూ ఒకటే అయిపోయి ఉన్నాయి. శనివారం గృహప్రతిష్ఠ ప్రార్థన పెట్టుకున్నారు. ఆ గదిలో యాభై మంది కూర్చుంటే గోడలో ఇంకో యాభై మంది కూర్చున్నట్టుంటుంది, ముందు దాని సంగతి తేల్చండని పట్టుబట్టింది నేనే. ప్రార్థన జరిగే చోట పెద్ద అద్దం ఉంటే ఏమవుతుందో మా కుటుంబంలో నాకు తెలిసినంతగా ఇప్పుడు బతికున్నవాళ్ళెవరికీ తెలియదు.

మా అల్లుడు ప్రసాదు నెమ్మదస్తుడు. ఏ పని చేసినా ముందు ఫోనులో మూడు వీడియోలు చూస్తాడు. అద్దం పగిలినా ముక్కలు రాలకుండా అడ్డంగా, నిలువుగా, ఐమూలగా టేపు అంటించాడు. చేతులకు దళసరి గ్లవ్స్, కళ్ళకు కళ్ళజోడు, కాళ్ళకు బూట్లు వేసుకున్నాడు. కింద పరుపు పరిచాడు. జిగురు మెత్తబడటానికి కరుణ హెయిర్ డ్రయ్యరు తెచ్చింది. అద్దం వెనక నుంచి జిగురు కోయటానికి సన్నటి స్టీలు తీగ, దాని రెండు చివరలా చెక్కపిడులు. నేను గుమ్మం అవతల కుర్చీ వేసుకుని కూర్చుని అన్నీ చూసి, "అంతా బాగానే ఉంది గానీ అబ్బాయ్, కింద మిరపకాయల బస్తాలు మాత్రం పెట్టబాకండి" అన్నాను. వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. డెబ్బై దాటినప్పటి నుంచి నేనేం మాట్లాడినా అలాగే చూసుకుంటున్నారు. మిరపకాయల సంగతి వాళ్ళకు నోటితో చెప్పబోతే మధ్యలో నాకే నవ్వొచ్చి మాట ఆగిపోయింది. అందుకని కాగితం మీద పెడుతున్నాను.

మాది రెంటచింతల. ఎండాకాలం వస్తే రేడియో వార్తల్లో మా ఊరి పేరు వినిపించేది, ఈరోజు రాష్ట్రంలో అన్నిటికన్నా ఎక్కువ ఎండ ఇక్కడేనని. అది విని మేము పిల్లలం పక్క ఊళ్ళ పిల్లల దగ్గర గొప్పలు పోయేవాళ్ళం, ఆ ఎండను మేమే పండించినట్టు. అమ్మ పొద్దున్నే మజ్జిగ కుండను తడి ఇసుకలో కూర్చోబెట్టి, కిటికీలకు తడిపిన గోనెపట్టాలు కట్టేది. అవి ఎండుతుంటే వచ్చే గోగునార వాసన మా మధ్యాహ్నాల వాసన. నాయన వారమంతా బడిలో పంతులు, ఆదివారం సంఘ కాపరి. ఆయన తెల్లవారుజామునే లేచి, వేపపుల్ల నోట్లో పెట్టుకుని, ఆ పుల్లతోనే ప్రార్థన మొదలుపెట్టేవాడు. ఆయన ఆమేన్ అనేసరికి మా వీధిలో అందరూ, మా మతం వాళ్ళూ కానివాళ్ళూ, లేచి కూర్చునేవాళ్ళు. సూర్యుడు రాకముందు చేసే పని దేవుడి పని, వచ్చాక చేసేది మనిషి పని అని ఆయన నమ్మకం. ఆ నమ్మకం ఒకసారి ఆయన్ని ఎంత అవస్థ పెట్టిందో ముందుముందు చెప్తాను.

మా ఊళ్ళో పెద్ద గుడి ఉంది, దానికి గంట ఉంది, ఊరంత జనం ఉన్నారు. అది కతోలికులది. మా సంఘానిది వేరే దారి, మాకు ఉన్నది తొమ్మిది ఇళ్ళు, ఒక డోలక్కు. మందిరం కట్టుకునే దాకా కూడుకోవటానికి బజారులో ఒక పొడుగాటి గది నాయన మాట్లాడాడు. అంతకుముందు అది కోటయ్య సెలూను. కోటయ్య మాచర్ల బస్టాండు దగ్గరికి మకాం మార్చి, కుర్చీలూ కత్తెరలూ పట్టుకుపోయాడు గానీ పడమటి గోడకున్న అద్దాన్ని మాత్రం తీసుకుపోలేకపోయాడు. ఆరడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు. మేకులు కొడితే ఎవరైనా ఊడదీసుకుపోతారని భయపడి, రోడ్డు వేసేవాళ్ళ దగ్గర తారు అడిగి తెచ్చి, కాచి, గోడకు మెత్తి, దానిమీద అంటించాడట. కింద సబ్బుగిన్నెలు పెట్టుకోవటానికి ఒక చెక్క పలక. ఆ గదిలో గడ్డం సబ్బు వాసన, పటిక వాసన గోడలకు పట్టేసి ఉండేవి. నేను మొట్టమొదట కన్నీళ్ళతో ప్రార్థన చేసుకుంది ఆ వాసనలోనే. ఈ రోజుకీ ఎవరి ఇంట్లోనైనా గడ్డం సబ్బు వాసన వస్తే నాకు మోకాళ్ళు వంగబోతాయి.

నాయన ఆ అద్దానికి వీపు పెట్టి నిలబడి వాక్యం చెప్పేవాడు. మేమంతా ఆయన వైపు చూసేవాళ్ళం, అంటే అద్దం వైపు. ఆ రోజుల్లో మా ఇళ్ళలో అద్దమంటే అరచేతంత. దాంట్లో కన్ను చూసుకుంటే ముక్కు కనపడదు, ముక్కు చూసుకుంటే గడ్డం కనపడదు. మనిషి మొత్తం ఎలా ఉంటాడో మా సంఘంలో ఎవరూ అప్పటిదాకా చూసుకుని ఎరగరు. చాపల మీద కూర్చుంటే అద్దం మన తలకన్నా పైన ఉండేది, లేచి నిలబడితేనే మనం కనపడేవాళ్ళం. అందుకని కూర్చుని పాడే కీర్తనలు మా సంఘంలో మూలపడ్డాయి. ఎవరిని అడిగినా నిలబడి పాడే కీర్తనే కోరేవాళ్ళు, అది కూడా ఎనిమిది చరణాలకు తక్కువ లేనిది. నాయన మురిసిపోయేవాడు. తొమ్మిది ఇళ్ళు పదిహేనయ్యాయి, ఇరవై అయ్యాయి. పెద్ద గుడిలో పూజ అయ్యాక అక్కడి ఆడవాళ్ళు కూడా నలుగురైదుగురు మా దగ్గరికి వచ్చి చివరి కీర్తనకు నిలబడేవాళ్ళు. తలుపు దగ్గర కిక్కిరిసిపోయేది. నాయన ఇంటికొచ్చి అన్నం తింటూ, ఆత్మ మన ఊరి మీదికి దిగుతున్నదే మరియమ్మా అనేవాడు. అమ్మ గోంగూర వడ్డించేది. నేనైతే నాకు రెండు జడలు బాగుంటాయా ఒక జడ బాగుంటుందా అని మూడు ఆదివారాలుగా తేల్చుకుంటున్నాను.

అలా ఉండగా కోటయ్య మాచర్ల నుంచి బస్సు దిగి మా ఇంటికి వచ్చాడు. సన్నటి మనిషి, మాట్లాడేటప్పుడు రెండు వేళ్ళు కత్తెరలాగా ఆడిస్తూ ఉండేవాడు. కొత్త షాపులో అరచేతి అద్దమే ఉన్నదట, క్షవరం అయ్యాక వెనక ఎలా వచ్చిందో ఎవరికీ చూపించలేకపోతున్నాడట, అందుకని మనుషులు ఎదురు షాపుకు పోతున్నారట. ఆ ఎదురు షాపులో మూడు అద్దాలు. ఇంకో రెండు నెలలు ఇలాగే ఉంటే షాపు ఎత్తేసి కూలికి పోవాలని చెప్తూ, చెప్తూ, మా నాయన చెవి దగ్గర వెంట్రుకలు చూసి ఆగలేక లేచి కత్తిరించేశాడు. కత్తిరించుకుంటూనే నాయన మాట ఇచ్చేశాడు. నెలాఖరు లోపల అద్దం చెక్కుచెదరకుండా నీ షాపు గోడ మీద ఉంటుంది కోటయ్యా, ప్రభువు సాక్షిగా చెప్తున్నా అన్నాడు. మా నాయన ప్రభువు పేరు ఎత్తి చెప్పిన మాట తప్పటం నేనెప్పుడూ చూడలేదు. కోటయ్యకూ ఆ సంగతి తెలుసు, వెంటనే తిరుగు బస్సు ఎక్కాడు.

పని మొదలుపెట్టినట్టు ఉంటుందని నాయన ఆ సాయంత్రమే అద్దం కింద ఉన్న చెక్క పలకను ఊడదీసేశాడు. అద్దాన్ని మోస్తున్నది తారు అనుకున్నాడు ఆయన. సగం బరువు ఆ పలక మీద ఉందని ఎవరూ చెప్పలేదు. అప్పటికి రోహిణి కార్తె వచ్చింది. పడమటి గోడకు మధ్యాహ్నం నుంచి ఎండ కొడుతుంది. గోడ వేడెక్కితే తారు మెత్తబడుతుంది. తారు మెత్తబడితే అద్దం కిందికి జారుతుంది, ఎవరికీ తెలియనంత నెమ్మదిగా.

ఆ వచ్చిన ఆదివారం నాయన ప్రసంగం రెండింటి దాకా సాగింది. చివరి ప్రార్థనకు అందరం లేచి నిలబడ్డాం. ఆయన కళ్ళు మూసుకుని మొదలుపెట్టాడు. ముందు వరసలో మా దానియేలు పెదనాన్న ఉన్నాడు, సంఘంలో అందరికన్నా పొడుగు, అప్పుడే మీసం పెంచుతున్నాడు. అద్దం పైఅంచు జారి ఆయన నుదురు దాకా వచ్చింది. ఆయన కొంచెం మోకాళ్ళు వంచాడు. అంచు ఇంకా దిగింది. ఇంకా వంచాడు. అలా ఎంతసేపు నిలబడగలడు, చివరికి మోకాళ్ళ మీద పడ్డాడు, మీసం మళ్ళీ కనపడింది. ఆయన పక్కవాళ్ళూ అంతే. పొడుగు వరసన ఒక్కొక్కరే తలలు పోగొట్టుకోవటం, ఒక్కొక్కరే మోకాళ్ళ మీదికి దిగటం. చిన్నదాన్ని కాబట్టి నా తలకు ఇబ్బంది లేదు, నేను నిలబడే ఉన్నాను, అంతా చూశాను. ధబ్బు ధబ్బుమని మోకాళ్ళ చప్పుడు వినపడి నాయన కళ్ళు తెరిచాడు. అరవై మంది ఎవరూ పిలవకుండా మోకాళ్ళ మీద ఉన్నారు, మొహాలు పైకెత్తి, కళ్ళార్పకుండా. నాయన కళ్ళ వెంట నీళ్ళు కారిపోయాయి. రెండు చేతులూ ఎత్తి ఇంకో అరగంట ప్రార్థన చేశాడు. నేను విన్న వాటిలో అంత గొప్ప ప్రార్థన లేదు. ఆమేన్ అన్నాక ఆయన స్తుతి చెల్లించటానికి గోడ వైపు తిరిగాడు. అద్దంలో భుజాల దాకా ఆయన ఉన్నాడు, తల లేదు. ఆయన కాసేపు అలాగే నిలబడి, కొంచెం వంగి తన మొహం చూసుకుని, లేచి తల పోగొట్టుకుని, మళ్ళీ వంగాడు. అప్పుడు ఆయనకు అర్థమయింది.

ఇంటికొచ్చి అన్నం వద్దన్నాడు. వాక్యంలో అద్దంలో మొహం చూసుకుని పోయి మరచిపోయే మనిషి గురించి ఉందే, ఆ వాక్యం మీద నేనే రెండు ఆదివారాలు చెప్పాను గదే, అప్పుడు కూడా వీళ్ళు చూసుకుంటానే ఉన్నారా అని అడిగాడు. అమ్మ చాటలో బియ్యం ఏరుతూ తల ఎత్తలేదు.

"ఆళ్ళు మొహాలు చూసుకోటానికి వస్తన్నారని ఊరంతా తెలుసు. నీకు తెలియదని మాకు తెలుసు. అందుకే చెప్పలా."

"నీకు కూడా తెలుసా?"

"నాకు ఎడమ కనుబొమ పైన పుట్టుమచ్చ ఉందని ఈ నలభై ఏళ్ళలో మొన్న కీర్తన పాడతా చూశా" అంది అమ్మ.

ఆ సాయంత్రం సంఘ పెద్దలు వచ్చి అరుగు మీద కూర్చున్నారు. దానియేలు పెదనాన్న చెప్పిన దాంట్లో కొంత న్యాయం లేకపోలేదు. ఏదో ఒక దానికి వస్తున్నారు, వచ్చాక వాక్యం చెవిన పడుతుంది గదా, అద్దం పోతే వీళ్ళు పోతారు, మందిరం ఎప్పటికీ లేవదు, కాబట్టి తారు ఊడటం లేదని కోటయ్యకు కబురు పెడదాం అన్నాడు. అబద్ధం కూడా కాదన్నాడు, ఊడదీయకుండా ఉంటే ఊడదు గదా. మిగతావాళ్ళు తలలు ఊపారు.  నాయనకు సంఘమంటే ప్రాణం. తొమ్మిది ఇళ్ళతో ఏళ్ళ తరబడి నెట్టుకొచ్చి, గది నిండటం అప్పుడే చూస్తున్నాడు. నిండిన గదిని చేతులారా ఖాళీ చేసుకోవాలి. చివరికి, "నిన్ననే అయితే కోటయ్యకు ఇచ్చిన మాట కోసం తీస్తానని అనేవాణ్ణి. ఇవాళ నాకోసం కూడా తీయాల" అని లేచి లోపలికి పోయాడు.

మర్నాడు చీకటితోనే నాయన, ఇద్దరు పెద్దలు ప్రార్థన చేసుకుని ఉలి, సుత్తి పట్టుకుని పోయారు. దేవుడి పని కాబట్టి దేవుడి వేళకు చేయాలి. రాత్రి చల్లబడిన తారు రాయిలాగా ఉంది. ఉలి పెట్టి ఒక్క దెబ్బ వేసేసరికి అద్దం మూల దగ్గర టిక్కుమని శబ్దం వచ్చి, వెంట్రుకంత గీత పడింది. నాయన సుత్తి కింద పెట్టేశాడు. రెండు రోజులు ఇలాగే, తెల్లవారుజామున ప్రార్థన, ఆ తర్వాత గోడ ముందు నిలబడి దాన్ని చూడటం. బైబిల్లో యెరికో కోటగోడ చుట్టూ తిరిగినట్టు ఏడుసార్లు చుట్టూ తిరుగుదామని మేము పిల్లలం అంటే, ఆ గోడ కూలినట్టు ఇది కూలితే ఎట్టా అని అమ్మ కసిరింది. మూడో రోజు దావీదు మామయ్య వచ్చాడు. మాచర్ల రోడ్డు మీద తారు డ్రమ్ముల దగ్గర పనిచేసి వచ్చినవాడు, మా సంఘంలో ఆయనకు మాట తక్కువ. గోడ మీద చెయ్యి పెట్టి చూసి, "అయ్యగారూ, తారుకు తెల్లారి ప్రార్థన పనికి రాదు. మిట్టమధ్యాహ్నం చెయ్యాల" అన్నాడు. నాయన సూర్యుడు రాకముందు చేసే పని గురించి తన నమ్మకం చెప్పాడు. దావీదు మామయ్య విని, సూర్యుణ్ణి చేసింది కూడా ఆయనేగా అయ్యగారూ అన్నాడు. 

కోటయ్యకు కబురు పోయింది. వచ్చి పెళ్ళికొడుకు తరఫు పెద్దలాగా కుర్చీలో కూర్చున్నాడు. గాజు సంగతి ఆయనకు తెలుసు. గంజి చిక్కగా కాచి, పాత కాగితాలు అద్దం నిండా అంటించమన్నాడు, పగిలినా ముక్కలు కాగితానికి అంటుకుని ఉంటాయని. మా దగ్గర కాగితాలంటే ఆదివారపు బడి బొమ్మల కాగితాలే. నోవహు ఓడ, సింహాల గుహ, తప్పిపోయిన గొర్రె, వాటన్నిటినీ అడ్డంగా నిలువుగా అంటించాము. చేతులకు చెప్పులు కుట్టే తోలు ముక్కలు చుట్టుకున్నారు, తలలకు తువ్వాళ్ళు కట్టుకున్నారు. సైకిలు బ్రేకు తీగ ఒకటి సంపాదించి రెండు చివరలా కర్రముక్కలు కట్టారు. పిల్లల్ని బయటికి గెంటి తలుపు వేశారు, నేను కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డాను. మొన్న మా అల్లుడు మూడు వీడియోలు చూసి చేసినవన్నీ ఆ రోజు మావాళ్ళూ చేశారు. కింద వేసే పరుపు దగ్గరే వచ్చింది తేడా. పత్తి బస్తాలు వేద్దామంటే పత్తి అప్పటికే గుంటూరు వెళ్ళిపోయింది. గది యజమాని కొట్లో ఉన్నవి మిరపకాయలు. ఎండు మిరపకాయల బస్తా మెత్తగానే ఉంటుంది, మనిషి పడితే దెబ్బ తగలదు, అద్దం పడితే మాత్రం ఎందుకు తగులుతుంది అన్నాడు దానియేలు పెదనాన్న. పన్నెండు బస్తాలు గోడ వారన వేశారు. అద్దం అంచులు ఎంతసేపు పట్టుకోవాలో తెలియదు గనక నలుగురు ఆ బస్తాల మీదే నిలబడ్డారు.

రెండు గంటలయింది. గోడ బయట చెయ్యి పెడితే కాలుతోంది. దావీదు మామయ్య, ఇంకొకాయన తీగను అద్దం పైఅంచు వెనక దూర్చి, ఆ చివర ఒకరు ఈ చివర ఒకరు రంపం లాగినట్టు లాగటం మొదలుపెట్టారు. తారు వెన్నలాగా తెగుతోంది. జానెడు దిగేసరికి బస్తాల మీద నిలబడ్డవాళ్ళ కాళ్ళ కింద మిరపకాయలు నలిగి ఘాటు లేచింది. మొదట దానియేలు పెదనాన్న తుమ్మాడు.

కోటయ్య కుర్చీలోంచి లేచి చేతులు అడ్డం పెట్టాడు. ఒక్క తుమ్ము అపశకునం, పని ఆపాలి, రెండో తుమ్ము వస్తే దోషం పోతుంది, అప్పుడు మొదలుపెట్టాలి. నాయన సగం ఊడిన అద్దానికి వంగి భుజం ఆనించి, తుమ్ములో ఏముంది కోటయ్యా, ముక్కులో కారం ఉంది అన్నాడు. మన జీవితాలు తుమ్ము చేతిలో లేవని, ఎవరి చేతిలో ఉన్నాయో చెప్పటం మొదలుపెట్టాడు. కోటయ్య వినలేదు.

"మీ దేవుడి సంగతి మీ ఇష్టం అయ్యగారూ. అద్దం నాది."

అందరూ ఆగి నిలబడ్డారు. అద్దం సగం గోడకు, సగం నాయన భుజానికి ఉంది. రెండో తుమ్ము రాదు. రావాలని చూస్తే ఎట్టా వస్తుంది. ఎవరికి వాళ్ళు ముక్కులు ఎగబీలుస్తున్నారు, కళ్ళల్లో నీళ్ళు కారుతున్నాయి, అక్కడికి వచ్చి ఆగిపోతున్నది. చివరికి దావీదు మామయ్య తుమ్మాడు. హమ్మయ్య అనుకుని తీగ లాగారు. రెండు లాగుడులు లాగారో లేదో మూడోది వచ్చింది. మళ్ళీ ఆగారు. అప్పటి నుంచి కోటయ్య గోడ వారన నిలబడి సరి, బేసి లెక్కపెట్టటం మొదలుపెట్టాడు. సరి వస్తే కానీయండి అంటాడు, బేసి వస్తే ఆగండి అంటాడు. ఒకేసారి ఇద్దరు తుమ్మితే అది రెండా ఒకటా అని వాదం వచ్చింది. నాయన భుజం వణకటం కిటికీలోంచి నాకు కనపడుతోంది. ప్రభువు సాక్షిగా మాట ఇచ్చిన మనిషి, తుమ్ము కోసం కనిపెట్టుకుని నిలబడి ఉన్నాడు. పదమూడో తుమ్ము దగ్గర పని ఆగిపోయి ఎంతకీ కదలకపోయేసరికి, మజ్జిగ తెచ్చిన అమ్మ చెంబు కింద పెట్టి, లోపలికి నడిచి, బస్తా చిరుగులోంచి ఒక మిరపకాయ లాగి, మధ్యకు విరిచి, వాసన చూసి, గట్టిగా తుమ్మింది.

"ఇదుగో పద్నాలుగు. ఇంక దించండి. కూర మాడతా ఉంది."

దించారు. ఆరుగురు పట్టుకుని, ఊపిరి బిగబట్టి, గోడ నుంచి బస్తాల మీదికి, బస్తాల మీద నుంచి దుప్పట్ల మీదికి. మొదటి రోజు ఉలి దెబ్బకు పడిన వెంట్రుక గీత తప్ప అద్దానికి ఏమీ కాలేదు. నాయన దాని పక్కన కూలబడి తనూ తుమ్మాడు. కోటయ్య అది లెక్కలోకి రాదన్నాడు. ఆ సాయంత్రమే వరిగడ్డి పరిచిన ట్రాక్టరు తొట్టిలో అద్దాన్ని నిలబెట్టి పట్టుకుని నాయన మాచర్ల దాకా పోయి, కోటయ్య షాపులో పెట్టించి వచ్చాడు. గంజి కాగితాలు పూర్తిగా ఊడలేదట. చాలా రోజులు మాచర్లలో మనుషులు ఒక మూల సింహాలను, ఇంకో మూల ఓడను చూసుకుంటూ క్షవరం చేయించుకున్నారని విన్నాము. షాపు మాత్రం నిలబడింది.

మొన్న మా అల్లుడి పని గంటన్నరలో అయిపోయింది. ఎవరూ తుమ్మలేదు. ఎదురు ఫ్లాటు వాళ్ళు తలుపు కూడా తీయలేదు. అద్దం చెక్కుచెదరకుండా దిగింది, లిఫ్టులో కిందికి పోయింది. దేవునికి స్తోత్రం. నేను కుర్చీలోంచి లేవవలసిన అవసరం కూడా రాలేదు. పని సులువైపోయినందుకు సంతోషించాలి, సంతోషించాను. అయితే ఆదివారం మందిరానికి వెళ్ళినప్పుడు ఒకటి గమనించాను. ఇప్పుడు మాది పెద్ద మందిరం, చల్లటి ఏసీలు, పాస్టరు గారి వెనక గోడ నిండా పెద్ద తెర. పాటల మధ్యలో కెమెరా మా వైపు తిరుగుతుంది, మేమందరం ఆ తెర మీద కనపడతాము. కనపడగానే కొంగులు సర్దుకుంటాము. చేతులెత్తి పాడుతున్నవాళ్ళు ఇంకొంచెం పైకెత్తుతారు. ఆరోజు తెర మీద ఒక ముసలమ్మ కళ్ళజోడు సరిచేసుకుంటున్నది, ఎవరో చూద్దామని ముందుకు వంగితే అదీ ముందుకు వంగింది. మా నాయన ఉంటే ఈ తెరను ఏం చేసేవాడా అని ఆలోచించాను. ఒకప్పుడైతే తీసేయమనేవాడని ఖాయంగా చెప్పేదాన్ని. అద్దం పోయిన తర్వాత ఆదివారం జరిగింది గుర్తొచ్చి, అంత ఖాయంగా చెప్పలేకపోతున్నాను.

ఆ ఆదివారం అందరూ భయపడిందే జరిగింది. గది సగం కూడా కాదు, పావు వంతు కూడా నిండలేదు. పాత తొమ్మిది ఇళ్ళల్లో కూడా రెండు ఇళ్ళవాళ్ళు పెళ్ళి ఉందని రాలేదు. గోడ మీద అద్దం ఉన్నచోట ఆరడుగుల నల్లటి మరక మిగిలింది. నాయన దాని ముందు నిలబడి, అరవై మంది ఉన్నప్పుడు ఎంత గొంతుతో చెప్పేవాడో అంత గొంతుతోనే వాక్యం చెప్పాడు. ఆ వారమంతా నిద్ర లేదు, భుజం నొప్పి. రెండు గంటల వేళకు అలసిపోయి వెనక్కి గోడకు ఆనుకున్నాడు. ఆనుకునే, దేవుడు మనల్ని ఒకసారి పట్టుకుంటే వదిలిపెట్టడు, మనం పోదామన్నా పోనీయడు అని చెప్తూ ఒక అడుగు ముందుకు వేయబోయాడు. గోడ పోనీయలేదు.

మొదట మాకు అర్థం కాలేదు, భావం కోసం అలా చేస్తున్నాడేమో అనుకున్నాము. ఇంకోసారి వేయబోయాడు. అప్పుడు దావీదు మామయ్య లేచి, "కదలబాకండి అయ్యగారూ, తారు" అన్నాడు. ఒకరు కిరసనాయిలు అన్నారు, ఒకరు తీగ తెమ్మన్నారు, ఇద్దరు పోయి చేతులు పట్టుకుని లాగితే ఒకరి మోచెయ్యి కూడా అంటుకుంది. చివరికి బొత్తాలు విప్పి, నాయన్ని చొక్కాలోంచి బయటికి తీశారు. చొక్కా గోడ మీదే ఉండిపోయింది, రెండు చేతులూ చాపుకుని. నాయన బనీనుతో నిలబడి, ఏం చేయాలో తోచక, చివరి దీవెన చెప్పేశాడు. ఆమేన్ అనే లోపలే అమ్మ నవ్వింది. ఆ తర్వాత ఎవరూ ఆగలేదు. డోలక్కు వాయించేవాడు దాని మీద పడి నవ్వాడు. నాయన గోడ వైపు తిరిగి తన చొక్కాను చూసి, తనూ మొదలుపెట్టాడు. మా సంఘం అంతసేపు ఒకరి మొహం ఒకరు చూసుకోవటం నేను అదే మొదటిసారి చూడటం.

వారం లోపల ఆ కబురు మాచర్ల బస్సులో కూడా తిరిగింది. తర్వాతి ఆదివారం మేము వెళ్ళేసరికి గది నిండిపోయి, గుమ్మం బయట కూడా మనుషులు నిలబడి ఉన్నారు. అందరూ ముందుగా గోడ మీద ఉన్న చొక్కాను చూస్తున్నారు, తర్వాత నాయన వంక చూస్తున్నారు. అమ్మ నాయన పక్కకు వచ్చి మెల్లిగా చెప్పింది, ఆళ్ళొచ్చింది నువ్వు మళ్ళీ అతుక్కుంటావేమో చూద్దామని, వాక్యం కోసమనుకుని మళ్ళీ మోసపోబాక అని.

నాయన గోడకు రెండు బారల దూరాన నిలబడి పుస్తకం తెరిచాడు.

"చూడనీయవే. నేను అతుక్కునేదాకా వీళ్ళు కూర్చోవాలిగా" అన్నాడు.